ఆ దీవిలో బోరు వేస్తే ఎన్ని అడుగులకు నీళ్ళు?

"తాతా, నడి సముద్రంలో చిన్న దీవి ఉంటుంది కదా, అక్కడ బోరు వేస్తే ఎన్ని అడుగులకు నీళ్ళు పడతాయి?" అని అడిగింది మా మనమరాలు. కెలమంగలం పిల్ల మరి, నీళ్ళంటే దానికి ముందు బోరే గుర్తొస్తుంది. మన పక్క తోట కొన్నా, ఇల్లు కట్టినా అందరూ మొదట అడిగే మాట అదే కదా: బోరు ఎన్ని అడుగులు, నీళ్ళు ఎన్ని ఇంచులు? వెయ్యి అడుగులు దించి, తెల్ల దుమ్ము తప్ప తడి చూడని రైతులు హోసూరు నుంచి రాయకోట దాకా ఎందరో ఉన్నారు.

అమ్మణ్ణీ, జవాబు చెప్తే నువ్వు నమ్మవు. ఆ దీవిలో మనిషి లోతు గుంట తీస్తే చాలు, తాగే నీళ్ళు ఊరతాయి. ఇంకా లోతుకు పోతే నీళ్ళు పెరగవు, ఉప్పు పెరుగుతుంది. వంద అడుగులు దించావంటే నీకు దొరికేది సముద్రమే. మనకు లోతుకు పోయేకొద్దీ ఆశ, వాళ్ళకు లోతుకు పోయేకొద్దీ నష్టం. ఎందుకిలా అన్నది తెలియాలంటే ముందు ఆ దీవి దేనితో తయారయిందో తెలియాలి.

పసిఫిక్ మహాసముద్రంలో దీవులు వేలకు వేలు. అన్నిటి సంగతీ పట్టుకుంటే ఎటూ తేలదు గనక ఒక్కదాన్నే ఎంచుకుంటాను. దాని పేరు నుకులౌ. ఫిజీ దేశపు రాజధాని సువాకు తూర్పుగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, రేవా నది సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా ఉంటుంది. చెన్నై నుంచి తిన్నగా లెక్కేసినా 11,000 కిలోమీటర్ల పైమాట. మనకు పొద్దున అయిదున్నర అయితే అక్కడ పట్టపగలు పన్నెండు. మామూలు పటంలో వెతికితే చుక్క కూడా కనబడనంత చిన్నది.

ఇన్ని దీవులుండగా దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఫిజీకి పోయిన మనవాళ్ళు ఓడ దిగి మొదట కాలు పెట్టిన నేల ఇది. చెరకు తోటల్లో పనికని ఇంగ్లీషువాళ్ళు మన దేశం నుంచి కూలీలను అయిదేళ్ళ ఒప్పందం మీద ఎక్కించుకుపోయారు. మొదటి ఓడ లియోనిడాస్ కలకత్తా నుంచి బయలుదేరి 1879 మే 14న ఫిజీ చేరింది. దారిలోనే దాంట్లో కలరా, మశూచి. ఆ భయంతోనే తర్వాత వచ్చే ఓడలకు నుకులౌను క్వారంటైన్ దీవిగా చేశారు. క్వారంటైన్ అంటే ఏమిటో కరోనా చూసిన మీకు నేను చెప్పక్కర లేదు. 1903లో ఎల్బ్ అనే ఓడ మొదటిసారి మద్రాసు రేవు నుంచి జనాన్ని తీసుకుపోయింది. అక్కడి నుంచి తెలుగువాళ్ళు, తమిళులు వరసగా పోయారు. 1916లో ఆఖరి ఓడ సట్లెజ్ వచ్చేసరికి మొత్తం 87 ప్రయాణాల్లో 60,000 మందికి పైగా చేరితే, అందులో సుమారు 15,000 మంది మద్రాసులో ఎక్కినవాళ్ళే. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళున్నారు. ఉత్తర ఆర్కాటు వాళ్ళు ఇంకా ఎక్కువ. 1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. అంటే మన కృష్ణగిరికి ఇరుగుపొరుగు ఊళ్ళవాళ్ళన్న మాట.

ఒకసారి ఆలోచించు. ఎర్రమట్టి, నల్లమట్టి, గుండ్లు, చెరువులు తప్ప వేరే నేల ఎరగని మనిషి. ఆవిరి ఓడలో నెల దాకా ప్రయాణం. దిగితే కాళ్ళకింద తెల్లటి ఇసుక. ఆ ఇసుక మన ఏటి ఇసుక కాదు. గుప్పెట్లోకి తీసుకుని కంటి దగ్గర పెట్టుకుంటే దాంట్లో రాయి దాదాపు ఉండదు. విరిగిన పగడం ముక్కలు, గుల్లల పెంకులు, సన్న సన్న చుక్కల్లాంటి ఒంటికణపు జీవుల గూళ్ళు, అంతే. ఆ దీవి నేల అంతా ఒకప్పుడు ప్రాణమున్న వాటి ఒంటి ముక్కలే.

మన నేల సంగతి వేరు. కెలమంగలంలో గునపం వేస్తే కాస్త మట్టి పోగానే ఖంగుమంటుంది. ఆ బండ వయసు ఎంతనుకుంటున్నారు? కృష్ణగిరి చుట్టుపక్కల బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. అవి గట్టిపడే నాటికి గాలిలో మనం పీల్చుకునేంత ఆక్సిజన్ కూడా లేదు. చేప లేదు, చెట్టు లేదు. డైనోసార్లు వచ్చిందీ పోయిందీ మొన్నమొన్ననే అనిపించేంత పాతది మన కాళ్ళకింది రాయి. దాన్నే కోసి, నునుపు పెట్టి, లారీల మీద రేవులకు పంపుతున్నాం.

మరి నుకులౌ లాంటి పగడపు ఇసుక దీవుల వయసు? కొన్ని వేల ఏళ్ళు. 20,000 ఏళ్ళ కిందట ధ్రువాల దగ్గర మంచు విపరీతంగా పేరుకుని ఉండేది, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల కిందుండేది. మంచు కరిగింది, సముద్రం పైకొచ్చింది, ఆరేడు వేల ఏళ్ళ కిందట ఆ పరుగు నెమ్మదించింది. అప్పుడు పగడాలు నీటి ఎత్తును అందుకుని, వాటి వీపుల మీద ఇసుక నిలిచింది. ఇలాంటి దీవులు చాలామటుకు ఈజిప్టు పిరమిడ్ల ఈడువి, కొన్ని ఇంకా చిన్నవి. ఆ పక్కనున్న పెద్ద దీవి విటిలేవు, సువా ఉన్నదీ దాని మీదే, అగ్నిపర్వతాలు పోసిన రాయి. అది కూడా అయిదు కోట్ల ఏళ్ళు మించదు. మన గుట్టల ముందు అదీ పసిబిడ్డే.

ఇక పగడం అంటే ఏమిటో చూద్దాం. ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పూస గుర్తొస్తుందేమో, ఇది దాని దూరపు చుట్టం. పగడం రాయి కాదు, చెట్టూ కాదు, జంతువు. మెత్తటి చిన్న ఒళ్ళు, పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి మీసాలు. సముద్రపు నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకుని తన కింద గట్టి గిన్నె కట్టుకుంటుంది. ఒకటి పక్కన ఒకటి, లక్షలు, కోట్లు. పాతవి చచ్చిపోతే వాటి గూళ్ళ మీద కొత్తవి కడతాయి. దాని ఒంటి లోపల కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండలో ఆహారం వండి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తుంది. పగడానికి కావలసిన తిండిలో నూటికి తొంభై వంతుల దాకా ఇలా వచ్చేదే. అందుకే పగడానికి వెలుగు కావాలి, తేట నీళ్ళు కావాలి, వెచ్చదనం కావాలి. ఎక్కువ లోతులో బతకలేదు.

అలాంటప్పుడు మైళ్ళ లోతు సముద్రం నడుమ పగడపు దీవులు ఎలా వచ్చాయి? కింద నుంచి కట్టుకుంటూ రావడానికి అంత లోతులో వెలుగు లేదే! ఈ చిక్కు విప్పింది చార్లెస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం కంటే ముందు ఆయన ఆలోచించిన పెద్ద సంగతుల్లో ఇదొకటి. బీగిల్ ఓడలో తిరుగుతూ, పగడపు దిబ్బను కంటితో చూడకముందే దక్షిణ అమెరికా ఒడ్డున ఉండగానే ఆయనకు ఆ ఊహ వచ్చింది. 1842లో పుస్తకం వేశాడు. ముందు ఒక అగ్నిపర్వతం సముద్రంలోంచి పైకి లేస్తుంది. దాని ఒడ్డునే పగడాలు అతుక్కుంటాయి. కొండ తన బరువుకు మెల్లగా కిందికి దిగబడుతుంది. అది దిగే వేగానికి తగ్గట్టు పగడాలు పైకి కట్టుకుంటూ వస్తాయి. చివరికి కొండ మునిగిపోతుంది, పగడపు కట్ట మాత్రం గుండ్రంగా నీటిపైన మిగులుతుంది.

మరి రుజువు? కింద కొండ ఉందో లేదో చూడాలంటే బోరు వెయ్యాల్సిందే. చూశావా అమ్మణ్ణీ, నువ్వు అడిగిన ప్రశ్నే లండన్ రాయల్ సొసైటీ వాళ్ళూ అడిగారు! ఫిజీకి ఉత్తరాన ఉన్న ఫునాఫుటి దీవిలో 1896 నుంచి 1898 వరకు బోరు దించారు. 340 మీటర్లు పోయినా పగడపు సున్నమే, కొండ తగల్లేదు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో అమెరికావాళ్ళు వేసిన బోరు 1,200 మీటర్లు దాటాక నల్లటి అగ్నిపర్వతపు రాయిని తాకింది. డార్విన్ మాట 110 ఏళ్ళ తర్వాత నెగ్గింది. కానీ అదే 1952లో, అదే ఎనివెటాక్‌లో, నవంబరు 1న హైడ్రోజన్ బాంబు పేల్చి ఎలుగెలాబ్ అనే చిన్న దీవిని ఉన్నచోట లేకుండా చేశారు. ఇప్పుడక్కడ సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పు గొయ్యి ఉంది. వేల ఏళ్ళు పగడాలు కట్టినది ఒక్క క్షణంలో ఆవిరైంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

సరే, పగడం గట్టిగా ఉంటుంది. అది మెత్తటి ఇసుక ఎలా అయింది? అలలు కొట్టి విరగ్గొడతాయి, నిజమే. కానీ అలల కన్నా పనిమంతుడు ఇంకొకడున్నాడు. వాడు చిలుక చేప.

ఈ చేపను దగ్గరగా చూడాలి. ఒంటిమీద ఆకుపచ్చ, నీలం, గులాబి రంగులు. మూతి దగ్గర పళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముక్కులా తయారవుతాయి. సుమారు 1,000 పళ్ళు, 15 వరసలు. ముందు వరస అరిగిపోతే వెనక వరస ముందుకొస్తుంది. ఆ ముక్కుతో పగడపు రాయిని కొరుకుతుంది. నీళ్ళలో మునిగి వినేవాళ్ళకు ఆ కరకరలు వినబడతాయి. రాయి తిని ఏం చేసుకుంటుంది అంటారా? దానికి కావలసింది రాయి మీదా లోపలా పెరిగే నాచు, సూక్ష్మజీవులు. వాటికోసం రాయినే కొరికి మింగుతుంది. గొంతులో ఇంకో జత పళ్ళ పలకలున్నాయి. అవి అచ్చం మన ఇళ్ళలో రాగులు విసిరే తిరగలి పనే చేస్తాయి. రాయి అక్కడ పిండి అవుతుంది. దానికి జీర్ణాశయం లేదు, నేరుగా పేగులే. తినదగినది ఒంటికి పడుతుంది, మిగిలిన సున్నపు పొడి వెనక నుంచి తెల్లటి మబ్బులా రాలుతుంది. అదే ఇసుక.

నవ్వండి, నవ్వండి. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు బొమ్మలేసి చూపించే తెల్ల ఇసుక ఒడ్లలో చాలా వంతు చేప పేడే. నవ్వయ్యాక లెక్క వినండి. పెద్ద చిలుక చేప ఒకటి ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. వాటిలోకెల్లా పెద్దది, నెత్తిన బొడిపె ఉన్న జాతి, నాలుగడుగుల పొడవు పెరుగుతుంది. అది ఏడాదికి అయిదు టన్నులకు పైగా పగడపు రాయి నమిలేస్తుంది. మాల్దీవుల్లో వక్కరు అనే చిన్న దీవి చుట్టూ శాస్త్రవేత్తలు కొలిచి 2015లో చెప్పిన మాట ఇంకా ఆశ్చర్యం: అక్కడ కొత్తగా పుట్టే ఇసుకలో నూటికి 85 వంతులకు పైగా చిలుక చేపల చలవే.

మిగతా వాటా చిన్నవాళ్ళది. ఫోరామినిఫెరా అని ఒంటికణపు జీవులు. ఒకే ఒక్క కణం, అయినా మిల్లీమీటరు గూడు కట్టుకుంటుంది. కొన్ని జాతుల గూళ్ళు నక్షత్రాల ఆకారంలో ముళ్ళతో ఉంటాయి. పసిఫిక్‌లో కొన్ని ఒడ్లలో ఇసుకంటే ముప్పాతిక ఇవే. ఇంకా, ఒంట్లో సున్నం నింపుకునే హలిమెడా అనే పచ్చ నాచు ఒకటుంది. అది ఎండి రాలితే రేకులు రేకులుగా ఇసుకలో కలుస్తుంది.

ఇదంతా సున్నమే అని ఎలా నమ్మాలి? ఇంట్లోనే చూడవచ్చు. ఒక గవ్వో, గుడ్డు పెంకో తీసుకుని గ్లాసులో వేసి వెనిగర్ పొయ్యండి. సన్న బుడగలు లేస్తాయి. మన ముసలమ్మలు తమలపాకుకు రాసుకునే గుల్ల సున్నం కూడా ఇలాంటి పెంకులు కాల్చి చేసిందే. ఇప్పుడు మన సనత్కుమార నది ఇసుక చిటికెడు వేసి అదే వెనిగర్ పొయ్యండి. చడీచప్పుడూ ఉండదు. అది బండ అరిగి వచ్చిన పలుగురాయి పొడి. మన చేలల్లో అక్కడక్కడ దొరికే తెల్ల సున్నపు గడ్డ వేస్తే మాత్రం మళ్ళీ బుడగలొస్తాయి, దాన్ని చూసి కంగారు పడొద్దు. నుకులౌ ఇసుక వేస్తే గ్లాసు పొంగుతుంది.

ఇసుక తయారయితే సరిపోదు, ఒకచోట నిలవాలి. పగడపు దిబ్బ మీదికి అలలు ఒకవైపు నుంచి వచ్చి, రెండు పక్కలా చుట్టుకుని, అవతల ఎదురెదురుగా కలుస్తాయి. కలిసినచోట వాటి బలం చచ్చిపోతుంది, మోసుకొచ్చిన ఇసుక అక్కడే దించేస్తాయి. తిన్నె లేస్తుంది. పక్షులు వాలి రెట్ట వేస్తాయి. ఆ ఇసుకలో ఎరువంటూ ఉంటే అది వాటి పుణ్యమే. కొబ్బరికాయ నీళ్ళలో మూడు నెలలకు పైగా తేలి కూడా మొలవగలదు. అలల్లో కొట్టుకొచ్చి ఒడ్డున పడితే వేరు దించుతుంది. వేళ్ళు ఇసుకను పట్టుకుంటాయి. దీవికి ఊపిరి వచ్చినట్టే. ఇంత మాత్రానికి అక్కడ రాగులో అనుములో చల్లితే పండుతాయనుకోవద్దు. ఆ సున్నపు నేలలో చెట్టుకు ఇనుము అందదు, ఆకులు పాలిపోతాయి.

ఇప్పుడు నీళ్ళ సంగతికి వద్దాం.

సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మన వానకు మూడింతలకు పైగా. ఆ ఇసుక మీద వాన నిలవదు, పారదు, మొరవ పోదు. పడ్డది పడ్డట్టే కిందికి దిగుతుంది. దిగి ఎక్కడికి పోతుంది? దీవి కింద ఇసుక రంధ్రాలన్నిటా ముందే సముద్రపు నీళ్ళున్నాయి. లీటరు సముద్రపు నీళ్ళు 1,025 గ్రాములు తూగితే లీటరు వాన నీళ్ళు 1,000 గ్రాములే. ఆ 25 గ్రాముల తేడాతో వాన నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలి నిలుస్తాయి. గ్లాసులో సగం ఉప్పు నీళ్ళు పోసి, పైన చెంచా అడ్డుపెట్టి రంగు కలిపిన మంచి నీళ్ళు మెల్లగా వదలండి. రంగు పైనే ఉంటుంది. చెంచాతో తిప్పారా, అన్నీ పోయాయి.

ఈ లెక్కను డచ్చి ఇంజినీరు ఒకాయన 1880ల చివర్లో, జర్మనీ ఆయన ఒకరు 1901లో విడివిడిగా కట్టారు. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచి నీళ్ళు నిలిచి ఉంటే, సముద్రమట్టం కింద 40 అడుగుల దాకా మంచి నీళ్ళే ఉంటాయి. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ తిరగేసి చూడండి. మోటారు పెట్టి ఒక అడుగు నీళ్ళు లాగేస్తే, కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది! మన మాదిరి లోతుగా బోరు దించి గట్టి మోటారు పెడితే దీవి గొంతు తడి ఆరిపోయినట్టే. నిజానికి ఆటుపోట్లు రోజూ కలియబెడుతుంటాయి గనక చాలా పగడపు దీవుల్లో మంచి నీళ్ళ మందం 20 మీటర్లు కూడా ఉండదు. 200 మీటర్ల వెడల్పు కూడా లేని దీవుల్లో అసలు నిలవడమే కష్టం, అక్కడ కప్పు మీద పడ్డ వానను తొట్టిలో పట్టుకోవాల్సిందే. కిరిబాటి దేశంలోని తరావాలో ఊరికి నీళ్ళిచ్చేందుకు లోతుగా తవ్వరు. నేలకు అడ్డంగా, పైపైనే, రంధ్రాల గొట్టాలు పొడుగ్గా పరిచి, మెల్లగా తోడుతారు. అక్కడి బావుల్లో ఇంకో వింత. సముద్రం పోటెక్కితే బావిలో నీళ్ళు పైకొస్తాయి, ఆటు వస్తే దిగుతాయి.

తుఫానొచ్చి సముద్రం దీవి మీదుగా పొర్లిందా, ఆ మంచి నీళ్ళు పాడయిపోతాయి. 2005లో కుక్ దీవుల్లోని పుకాపుకాలో అలాగే జరిగింది. నీళ్ళు మళ్ళీ తాగేందుకు పనికిరావడానికి 11 నెలల దాకా పట్టింది. బోరు ఎండితే ఎట్లా ఉంటుందో తెలిసిన మనకు ఆ 11 నెలల బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ నీళ్ళకోసం కాచుకునేది మనుషులే కాదు. ఫిజీ దీవుల ఒడ్డుల్లో నలుపు, నీలి తెలుపు పట్టీలతో సముద్రపు కట్లపాము తిరుగుతుంది. పగడపు బొరియల్లో ఈల్ చేపలను పట్టి మింగి, అరిగించుకోవడానికి గట్టెక్కి రాళ్ళ సందుల్లో పడుకుంటుంది. గుడ్లు పెట్టడమూ నేల మీదే. విషం గట్టిదే గానీ కోపం తక్కువ. దాని గొంతు తడవాలంటే వాన నీళ్ళే కావాలని 2008లో ఒక పరిశోధన తేల్చింది. ఎంత దాహం వేసినా అది సముద్రపు నీళ్ళు ముట్టదు. వేటాడేది సముద్రంలో, తాగేది మాత్రం వాన నీళ్ళు!

నుకులౌ చుట్టుపక్కల ఇంకా చూడదగ్గది రేవా నది. ఫిజీలో అదే పెద్దది. కొండల నుంచి ఒండ్రు, మంచి నీళ్ళు తెచ్చి పగడపు కట్ట మీద కుమ్మరిస్తుంది. పగడానికి బురదా పడదు, మంచి నీళ్ళూ పడవు. అందుకే నది ఎదురుగా ఉన్నచోట పగడపు కట్టలో గండి పడి ఉంటుంది. ఓడలు లోపలికి వచ్చే దారులు అవే. ఆ దారి తప్పితే ఎంత ఘోరమో 1884 మే 11 రాత్రి తెలిసింది. కలకత్తా నుంచి 497 మంది కూలీలతో వస్తున్న సిరియా అనే తెరచాప ఓడ, నుకులౌకు తూర్పున నసిలాయ్ పగడపు దిబ్బను గుద్దుకుంది. డాక్టర్ విలియం మెక్‌గ్రెగర్ పడవలేసుకుని పోయి, తాను అలల్లోకి దిగి ఎందరినో లాగాడు. అక్కడి ఫిజీ ఊళ్ళవాళ్ళూ సాయపడ్డారు. అయినా 59 మంది పోయారు. బతికినవాళ్ళను నుకులౌ డిపోకు చేర్చారు. వాళ్ళు మన తెలుగువాళ్ళు కారు, ఉత్తరాది వాళ్ళు. అయితే ఏం, ఆ ఒడ్డున ఏడ్చినవాళ్ళు మనవాళ్ళే.

చెప్పడం మరిచాను, ఈ చిన్న దీవి అంతకుముందే ఫిజీ తలరాత మార్చింది. 1840ల్లో దీన్ని కొన్నది జాన్ బ్రౌన్ విలియమ్స్ అనే అమెరికా ప్రతినిధి. 1849 జూలై 4న వాళ్ళ స్వాతంత్ర్య దినానికి ఫిరంగి పేలిస్తే ఇల్లు అంటుకుంది, సామాన్లు ఎవరో ఎత్తుకుపోయారు. నష్టం కట్టమని ఫిజీ రాజు థాకొంబౌ మీద పడ్డాడు. ఇతర అమెరికావాళ్ళ లెక్కలూ కలిసి ఆ బాకీ 40,000 డాలర్లు దాటింది. ఆ బాకీ ఒత్తిడి ఒక కారణమై 1874లో ఫిజీ ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. అయిదేళ్ళకు మన కూలీల ఓడ వచ్చింది. ఆ కూలీల తర్వాతి తరాల తెలుగువాళ్ళు 1941లో అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకుని, మాట నిలుపుకోవడానికి పాటుపడ్డారు. హోసూరు పక్కన తెలుగు బడికోసం పెనుగులాడే మనకు ఆ కష్టం వేరే చెప్పాలా?

ఇక అందరూ అడిగేది: సముద్రం పైకొస్తోంది కదా, ఈ దీవులు మునిగిపోతాయా? దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పకూడదు. ఆర్థర్ వెబ్, పాల్ కెంచ్ అనే ఇద్దరు పసిఫిక్‌లో 27 పగడపు దీవుల పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి కొలిచి 2010లో ప్రకటించారు. సముద్రం పెరుగుతున్నా వాటిలో చిక్కిపోయినవి నాలుగే. మిగతావి అలాగే ఉన్నాయి, లేదా పెరిగాయి. ఒక పక్క కోసుకుపోతే ఇంకో పక్క మేట వేసుకుని, మెల్లగా జరుగుతూ ఉన్నాయి. మన బండ కదలదు, అరుగుతుంది. ఆ దీవి కదులుతుంది, కదిలే బతుకుతుంది. కానీ సాలమన్ దీవుల్లో అయిదు దీవులు, చెట్లూ చేమలూ ఉన్నవే, 1947 తర్వాత పూర్తిగా మాయమయ్యాయని 2016లో ఇంకొక బృందం చూపించింది. ఫిజీలోనే వునిదొగొలోవా అనే ఊరు 2014లో ఒడ్డు వదిలి పైకి తరలిపోవాల్సి వచ్చింది.

తేడా ఎక్కడుందంటే, నా మటుకు నాకు తోచేది ఇది. దీవికి ఇసుక రాబడి ఉన్నంతకాలం అది సముద్రంతో కలబడుతుంది. రాబడి ఇచ్చేది బతికున్న పగడం, బతికున్న చిలుక చేప. మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై, అలాగే కొన్ని వారాలు నిలిచిందంటే పగడం లోపలి నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబడి ఆకలితో మాడుతుంది. అందువల్ల సముద్రం ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందని మాత్రమే చూస్తే చాలదు. దిబ్బ మీద చేపలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి.

చేపల లెక్క దిగులు పుట్టిస్తుంది. చిలుక చేప రాత్రిళ్ళు నిద్రపోతుంది. కొన్ని జాతులు నోటి నుంచి జిగురు వదిలి, ఒంటి చుట్టూ పలచటి సంచి అల్లుకుని దాంట్లో పడుకుంటాయి. టార్చిలైటు పట్టుకుని మునిగేవాడికి అది సులువుగా దొరికిపోతుంది. బొడిపె నెత్తి చిలుక చేప ఫిజీ తూర్పున లావు దీవుల్లో కొన్నిచోట్ల ఇప్పుడు కనబడడమే లేదు.

అయితే ఫిజీవాళ్ళ దగ్గర పాత పద్ధతి ఒకటుంది, తంబు అంటారు. ఊరి పెద్ద చనిపోతే ఆ ఊరి సముద్రంలో కొంత మేర వంద రాత్రుల పాటు ఎవరూ చేప పట్టకూడదు. వంద రాత్రులయ్యాక పట్టి ఊరంతా పంచుకుంటారు. ఈ పద్ధతినే ఇప్పుడు చాలా ఊళ్ళు ఏళ్ళ తరబడి పాటిస్తున్నాయి. దిబ్బలో ఒక భాగానికి హద్దు గీసి, అక్కడ వల వెయ్యనివ్వరు, రాత్రి టార్చితో దిగనివ్వరు. హద్దు దాటినవాణ్ణి పోలీసుల కంటే ముందు ఊరివాళ్ళే అడుగుతారు. హద్దులో చేప పెద్దదయ్యి, గుడ్లు పెట్టి, పిల్లలు హద్దు బయటికి కూడా వస్తాయి. సెలవుల్లో మీకు పని కావాలంటే, విటిలేవు ఒడ్డు పటం తెచ్చుకుని నుకులౌ ఎక్కడుందో, నసిలాయ్ ఎక్కడుందో, రేవా ఎక్కడ కలుస్తుందో ముందు గుర్తు పెట్టండి. పగడపు కట్టలో గండి ఎక్కడుండాలో పటం చూడకుండానే చెప్పి, తర్వాత సరిచూసుకోండి.